బర్రెన్ బారనీ

ఐర్లండు దేశమును గూర్చి మన బాలబాలికలు భూగోళ పాఠములందు చదువునది స్వల్పము. అది పచ్చని ద్వీపమనియు, 1845 మొదలు కొన్ని యేండ్లు అచ్చట బంగాళాదుంపల పైరు కుళ్లిపోయి ఘోరమైన కఱవు వచ్చినదనియు మాత్రమే తఱచుగా వారికి జ్ఞప్తియందుండును. పచ్చని ద్వీపమని పేరు వడసిన ఆ దేశమునందే, దూరము నుండి చూచువారికి ఆకుపచ్చ రంగు మచ్చునకైనను కానరాని సీమ యొకటి కలదు. చెట్టు లేదు, మన్ను లేదు, ఏఱు లేదు అని చూచినవారెల్ల చెప్పిన ఆ సీమలో దాదాపు ఆఱువేల సంవత్సరములుగా మనుష్యులు కాపురముండి, పశువులను మేపి, గుళ్లు కట్టి, బడులు నడపిరి. అది యెట్లు సాధ్యమైనదో తెలిసికొనుట విద్యార్థులకు ప్రయోజనకరమని తలంచి, ఆ బర్రెన్ బారనీ చరిత్రమును ఇచ్చట వ్రాయుచున్నాము.

ముందుగా బారనీ యను మాటను వివరింపవలెను. ఆంగ్లేయులు ఐర్లండును పాలించిన కాలమున దేశమును కౌంటీలుగాను, కౌంటీలను బారనీలుగాను ఏర్పఱచిరి. కౌంటీ మన జిల్లా వంటిది. బారనీని మన పాత తాలూకాతో పోల్చవచ్చును. దానికి లోబడి పారిషులును, వానికి లోబడి టౌన్‌లాండులను చిన్న పొలిమేరలును ఉండెడివి. దేశమంతటను మున్నూటికి పైగా బారనీలు కలవు. వీనిలో పెక్కింటి హద్దులు ఆంగ్లేయులు క్రొత్తగా గీచినవి కావు. అంతకు పూర్వము ఒక్కొక్క ఐరిష్ వంశము ఏలుచుండిన సీమయే పేరు మార్చుకొని బారనీ యైనది. 17వ శతాబ్దమున ఎవరి భూమి ఎవరి పాలైనదో వ్రాసిన సర్కారు దస్తరములు బారనీల వరుసనే యున్నవి. బాటలకును వంతెనలకును కావలసిన పన్నును బారనీల వారీగానే విధించుచుండిరి. 1898లో స్థానిక పరిపాలనా చట్టము వచ్చిన పిమ్మట బారనీకి చేయవలసిన పని యేమియు మిగులలేదు. అయినను 1985లో ఆంధ్రప్రదేశమున తాలూకాలు పోయి మండలములు వచ్చిన తరువాత కూడ మన పాత దస్తావేజులలో తాలూకా పేరు నిలిచియున్నట్లే, ఆ దేశపు భూమి పత్రములలో బారనీ పేరు నిలిచియున్నది.

బర్రెన్ బారనీ ఐర్లండు పడమటి తీరమున, క్లేరు కౌంటీకి ఉత్తరపు కొసను ఉన్నది. దానికి ఉత్తరమున గాల్వే అఖాతము, పడమట అట్లాంటికు మహాసముద్రము. వైశాల్యము సుమారు 115 చదరపు మైళ్లు. బాలీవాన్ అను చిన్న రేవు గ్రామమే అందలి ముఖ్యస్థలము. ఐరిష్ భాషలో ఈ సీమకు బోయిరెన్ అని పేరు. రాతినేల యని దాని యర్థము. ఇంగ్లీషున గొడ్డుభూమిని చెప్పు మాట యొకటి దీనికి దగ్గఱగా ధ్వనించును గాని, ఆ మాటకును ఈ పేరునకును సంబంధము లేదు. పేరును సరిగా వినని పరదేశికి సీమను గూర్చియు తప్పు తలంపు కలుగుటలో వింత లేదు. ఇటీవలి వాడుకలో బర్రెన్ అను పేరు బారనీ హద్దులు దాటి, ఆగ్నేయ దిక్కున ఇంచిక్విన్ బారనీలోనికి వ్యాపించిన రాతినేల కంతటికిని చెల్లుచున్నది. మేము మాత్రము బారనీని విడిచి దూరము పోము.

ఆ రాయి మన యెఱిగిన సున్నపురాయియే. సుమారు 33 కోట్ల సంవత్సరములకు పూర్వము, ఇప్పటి ఐర్లండు భాగము భూమధ్యరేఖకు సమీపమున వెచ్చని లోతులేని సముద్రము క్రింద ఉండెను. గవ్వలు, పగడములు మొదలగు సముద్రజీవుల పెంకులు అడుగున పేరుకొని గట్టిపడి పొరలు పొరలుగా రాయి యైనవి. నేటికిని ఆ బండలపై నడచువారికి అడుగడుగునను పగడముల యచ్చులు కనబడును. తరువాత భూమి పైకి లేచినది. మంచుయుగములందు గొప్ప హిమానీనదములు దానిమీదుగా ప్రాకి, పైనున్న మన్నును చాలవఱకు గీచివేసి బండలను నున్నగా చేసినవి. అఖాతమునకు ఆవలి కొనెమారా నుండి నల్లసేనపురాతి గుండ్లను మోసికొనివచ్చి ఈ తెల్లని బండలపై వదలిపోయినవి. పరాయి జాతి రాయి యొంటరిగా కూర్చున్నట్లుండు ఆ గుండ్లను చూచినవారికి హిమానీనదము చేసిన పని వేఱుగా బోధింప నక్కఱలేదు.

ఇంక వాన చేసిన పని. వాననీరు గాలిలోని బొగ్గుపులుసు వాయువును కొంత గ్రహించి మిక్కిలి బలహీనమైన ఆమ్లమగును. సున్నపురాయి అట్టి నీటికి కొంచెము కొంచెముగా కరగును. రాతిలో సహజముగా నున్న బీటల వెంబడి నీరు దిగి దిగి, వానిని నెఱ్ఱెలుగా వెడల్పు చేసినది. కాబట్టి బర్రెన్ కొండ పైభాగము పలకలు పఱచి నడుమ నడుమ సందులు విడిచిన పెద్ద ముంగిలివలె నుండును. ఆ పలకలను క్లింటులనియు, నెఱ్ఱెలను గ్రైకులనియు చెప్పుదురు. సంవత్సరమునకు సుమారు అఱువది అంగుళముల వాన కురిసినను నీరు పైని నిలువదు. నెఱ్ఱెలలో పడి భూగర్భమున ప్రవహించును. మన నంద్యాల జిల్లాలోని బెలుం గుహలు ఏర్పడిన విధమే ఇచ్చటి అయిల్వీ మొదలగు గుహలకును కారణము. సముద్రము చేరువఱకును నేలమీదనే పాఱు ఏఱు ఈ సీమలో కాహెర్ అనునది యొక్కటే యని చెప్పుదురు. స్లీవ్ ఎల్వా అను కొండ సుమారు 1,130 అడుగుల యెత్తు గలది. దాని తలపై మాత్రము సున్నపురాతికి బదులు నీరింకని నల్లని పలకరాయి కప్పియున్నది. ఆ కప్పు మీద వాగులు పాఱును, సున్నపురాయి తగిలిన చోట మాయమగును.

టర్లో అనునది యీ సీమలో మఱియొక వింత. ఎండిన చెఱువని ఆ మాటకు భావము. శీతకాలమున భూగర్భ జలము పొంగి, పల్లములలోని రంధ్రముల గుండ పైకి వచ్చి చెఱువు నిండును. వేసవిలో అదే రంధ్రముల గుండ దిగిపోయి పచ్చికబయలగును. వచ్చు వాగు లేదు, పోవు కాలువ లేదు. మన చెఱువులకు తూములు మనము కట్టుదుము. ఇచ్చటి తూము భూమిలోనే యున్నది.

ఇట్టి నేలకు మనుష్యులు మొదట ఏల వచ్చిరి? సరస్సుల యడుగు బురదలో చిక్కియున్న పుప్పొడిని పరీక్షించిన శాస్త్రజ్ఞులు, ఒకప్పు డిచ్చట దేవదారు జాతి చెట్లును హేజెల్ పొదలును దట్టముగా నుండెననియు, వానిక్రింద నేటికంటె ఎక్కువ మన్ను ఉండెననియు తేల్చిరి. మొదటి వ్యవసాయకులు చెట్లు నఱకి పొలములు చేసిరి. చెట్ల వేళ్ల పట్టు తప్పిన పలుచని మన్ను వానకు కొట్టుకొని పోయి నెఱ్ఱెలలో పడినది. నేటి బట్టబయలు రాయిలో కొంత మంచు చేసినదైనచో, కొంత మనుష్యుడు చేసినది.

ఆ తొలి వ్యవసాయకుల గుఱుతు పౌల్నబ్రోన్ అను చోట నిలిచియున్నది. మన పల్లెలలో రాక్షసగుళ్లని చెప్పు పెద్దరాళ్ల సమాధుల వంటిదే యిది. నిలువు బండలపై ఏటవాలుగా ఒక గొప్ప పలకను ఎత్తి నిలిపిరి. దుఃఖముల బిలమని ఆ పేరునకు అర్థము చెప్పి యాత్రికులను మెప్పించుట వాడుకయైనది గాని, తిరుగలి బిలమనుట సరియైన యర్థమని పండితులు చెప్పుదురు. ఐరిష్ భాషలో ఆ రెండు మాటలకును రూపము దగ్గఱగా నుండుటచే ఈ పొరపాటు కలిగినది. నిలువు బండ యొకటి చీలినందున దానిని బాగుచేయుటకు ముందు 1986లో అచ్చట త్రవ్వి చూడగా ముప్పదిమందికి పైగా స్త్రీ పురుషుల యెముకలును, పిల్లల యెముకలును దొరకినవి. అవి క్రీస్తునకు పూర్వము 3800 మొదలు 3200 వఱకు గల కాలమునకు చెందినవి. బరువులు మోసి అరిగిన కీళ్లు పెక్కింట కనబడెను. ఒకని తుంటి యెముకలో రాతి బాణపు మొన విఱిగి యుండెను. ఆ యెముకలను గూర్చి 2020లో ప్రకటితమైన పరిశోధనవలన మఱియొక సంగతి తెలిసినది. వారిలో కొన్ని నెలల మగశిశు వొకడు పుట్టుకతోనే డౌన్ లక్షణము గలవాడు. తల్లిపాలు త్రాగినట్లు వాని యెముకలే సాక్ష్యమిచ్చుచున్నవి. అట్టి శిశువును ఆ జనులు తమ పెద్దలతోపాటు ఆ గొప్ప పలక క్రిందనే ఉంచిరి. అక్షరము లేని కాలపు మనుష్యులను మోటువారని త్రోసివేయువారు ఈ సంగతిని ఒకమాఱు తలపోయవలెను.

మధ్యయుగముల చరిత్రమును త్వరగా చెప్పి దాటెదము. ఈ సీమ నేలినవారు ఓలొక్లిన్ వంశస్థులు. వారిపై ప్రభుత్వము చేసినవారు థోమండ్ రాజులైన ఓబ్రయన్లు. ఓబ్రయన్ల పోషణమున 1195 ప్రాంతమున సిస్టర్షియన్ సన్యాసులు ఇచ్చట కోర్‌కొమ్‌రో మఠమును స్థాపించిరి. 1268లో ఓలొక్లిన్లతో జరిగిన పోరున కూలిన కొనోర్ ఓబ్రయన్ రాజుయొక్క శిలాప్రతిమ ఆ శిథిల మఠమున ఇప్పటికిని పవళించియున్నది. సన్యాసులు తమ మఠమునకు లాటిను భాషలో పెట్టుకొన్న పేరు సారవంతమైన శిల గల పరిశుద్ధ మరియ మఠము. ఆ పేరు హాస్యమున పెట్టినది కాదు. కాపురముండి చూచినవారు పెట్టిన పేరది.

పాఠశాల పత్రికలో ఈ బారనీ పాఠశాలలను గూర్చి కొంత ఎక్కువగా వ్రాయుట న్యాయము. ఫినవారా యను తీరగ్రామమున ఓడేలీ వంశపు కవుల బడి యుండెను. దానికంటె ప్రసిద్ధమైనది కాహెర్‌మక్నాటెన్ కోటలోని ధర్మశాస్త్ర పాఠశాల. అది మట్టి సున్నము లేక పేర్చిన గుండ్రని రాతికోట. గోడ దాదాపు పదియడుగుల మందము. ఓడవోరెన్ అను కుటుంబము వంశపారంపర్యముగా అందుండి బ్రెహన్ ధర్మమను ప్రాచీన ఐరిష్ న్యాయమును చెప్పుచుండెను. ఆ న్యాయమున హత్యకు సైతము ఉరి ముఖ్యశిక్ష కాదు. నష్టపడిన కుటుంబమునకు పరిహారము చెల్లింపవలెను. ఆ పరిహారమును తఱచుగా పాడియావులలో లెక్కించెడివారు. నాణెములు అరుదుగా నున్న దేశమున ఆవే వెల కట్టుటకు కొలమానము. ఆ సూత్రములు బహుప్రాచీనమైన భాషలో నుండుటచే, మన పెద్దలు అమరము వల్లించినట్లు శిష్యులు మూలమును కంఠస్థము చేసి పిదప వ్యాఖ్యానము నేర్చుకొనెడివారు. 1560 దశకమున దోనల్ ఓడవోరెన్ అను నాతడును అతని సహాధ్యాయులును కలసి వ్రాసిన ధర్మశాస్త్ర సంపుట మొకటి లండనులోని బ్రిటిషు గ్రంథాలయమున భద్రముగా నున్నది. కఠిన పదములకు అర్థములు చెప్పు నిఘంటువు కూడ 1569లో వ్రాసినది అందు కలదు. పుటల అంచులయందు ఆ వ్రాతగాండ్రు తాము ఎచ్చట కూర్చుండి వ్రాసిరో, ఎవరి కొఱకు వ్రాసిరో, తమకు కలిగిన చిన్న చిన్న కష్టము లేమో గీచియుంచిరి. పుస్తకపు అంచులను ఖాళీగా నుంచుట విద్యార్థులకు ఏ దేశమునను చేతకాదు కాబోలు.

1606 నాటి పత్ర మొకటి ఈ కోటలోని యిండ్లను కుటుంబమువారు పంచుకొన్న విధమును తెలుపుచున్నది. ఆ పంపకమునందు పెద్దయిల్లు, వంటయిల్లు వేర్వేఱుగా చెప్పబడినవి. ఇంతలో కాలము మాఱినది. ఆ సంవత్సరములందే డబ్లిను న్యాయస్థానము ఐరిష్ వారసత్వ ధర్మములు చెల్లవని తీర్పులు చెప్పెను. ఏ న్యాయమును బోధించుటకు బడి యున్నదో ఆ న్యాయమునకే రాజ్యమున చోటు లేకపోయినది. గోడ మాత్రము మిగిలినది.

1651లో క్రామ్వెల్ పక్షపు సేనాని ఎడ్మండ్ లడ్లో ఈ బారనీ గుండ నడచెను. ఒకని ముంచుటకు చాలిన నీరు గాని, ఉరి తీయుటకు చాలిన చెట్టు గాని, పూడ్చుటకు చాలిన మన్ను గాని ఇచ్చట లేవని ఆతడు తన జ్ఞాపకములయందు వ్రాసెను. దేశమును కొలుచుటకు ఆతడు ఎంచుకొన్న కొలబద్దలు మూడును చంపుటకును పాతిపెట్టుటకును సంబంధించినవే! లోకులు ఆ మాటను నేటికిని చెప్పుకొని నవ్వుదురు. కాని ఆతడు వెంటనే వ్రాసిన మఱియొక మాటను మఱచిపోవుదురు. ఇచ్చటి పశువులు మిక్కిలి బలిసియున్నవనియు, రాళ్లనడుమ రెండు మూడడుగుల మేర మన్నున్న చోట మొలచు గడ్డి మధురమై పుష్టినిచ్చునదనియు ఆతడే ఒప్పుకొనెను. ఆ ప్రభుత్వమే ఇతర ప్రాంతముల కతోలికు భూస్వాములను 1654 మే 1వ తేదీలోగా షానను నదికి పడమట నున్న కొనాట్, క్లేరు సీమలకు తరలిపొమ్మని ఆజ్ఞాపించెను. మంచి పొలములు సైనికులకును ఋణదాతలకును పంచబడెను. పొలములు పోయినవారికి బర్రెన్ వంటి రాతినేలలలో వంతులు చూపబడెను.

లడ్లో కన్న బలిసిన పశువుల రహస్యము వినదగినది. లోకమున కొండప్రాంతపు కాపులు వేసవిలో పశువులను కొండకు తోలి, చలికాలమున పల్లమునకు దింపుదురు. బర్రెన్ రైతు దీనికి విపరీతము. అక్టోబరు, నవంబరు నెలలందు మందను కొండపైకి తోలును, ఏప్రిలు మాసమున దింపును. ఇందుకు కారణములు రాతిలోనే యున్నవి. సున్నపురాయి వేసవి యంతయు ఎండవేడిమిని త్రాగి శీతకాలమున మెల్లగా విడుచును. సముద్రపు వెచ్చదనము తోడగుటచే నేల గడ్డకట్టుట అరుదు. నీరు నిలువని బండలపై పశువు పొడినేల మీద పడుకొనును, గిట్టలు బురదలో కుళ్లవు. వేసవిలో ఎండిపోవు కొండయూటలు శీతకాలమున నిండి పాఱును, ఆ నీటిలో ఎముకకు బలమిచ్చు సున్నము కరగియుండును. వేసవి యంతయు మేయక విడిచిన గడ్డి అప్పటికి కొండమీద నిలువయుండును. మన రైతు గడ్డివాము వేసినట్లు, బర్రెన్ రైతు వేసవి మేపును కొండమీదనే నిలువజేయును. ఈ శీతకాలపు మేతభూమినే వారు వింటరేజి యందురు.

బారనీ పేరు గట్టిగా వినబడిన మఱియొక కాలము ఆ మహాక్షామము. 1846లో బీదలకు కూలిపని చూపుటకై ఏయే బాటలు వేయవలెనో నిర్ణయించిన సభలు బారనీల వారీగా కూడినవి. ఆకలిగొన్నవారు రాళ్లు కొట్టి కూలి తెచ్చుకొనిరి. బాలీవాన్ నుండి దక్షిణమునకు మెలికలు తిరుగుచు కొండ నెక్కు బాట, మరమేకు కొండ యని నేడు యాత్రికులు మెచ్చుకొనునది, ఆ కఱవుకూలి పనియే. పనికి పోలేనంతగా నీరసించినవారికి ఆ కూలియు దొరకలేదు. క్లేరు కౌంటీ జనసంఖ్య 1841లో 2,86,394. అది 1851లో 2,12,440. పోయినవారిలో కొందఱు సమాధులకు, కొందఱు ఓడలమీద దూరదేశములకు. వంటచెఱకునకు సైతము కొఱతగల యీ సీమకు కొనెమారా నుండి బొగ్గుమట్టిగడ్డలను పడవలమీద తెచ్చి బాలీవాన్ రేవున దింపెడివారు.

ఇక పూవుల మాట. ఐర్లండున సహజముగా మొలచు మొక్కల జాతులలో నూటికి డెబ్బదికి పైగా ఈ రాతినేలను దొరకును. అంతకంటె ఆశ్చర్యమేమనగా, ఆల్ప్సు కొండలపై పూయు నీలపు జెన్షియనును, ధ్రువప్రాంతపు తెల్లని డ్రయాసును, మధ్యధరా తీరమున పెరుగు ఒక చిన్న ఆర్కిడును ఇచ్చట ఒకే పచ్చికలో, సముద్రమట్టమునకు సమీపముననే, ప్రక్కప్రక్కన పూయును. బండ నెఱ్ఱెలలోపల నీడయు తేమయు ఉండుటచే అడవి నీడన బ్రతుకు పర్ణములు పెరుగును. అడుగు దూరమున బండపైన ఎండకు వెఱవని మొక్కలుండును. చాలకాలము వఱకు దీనినంతయు ప్రకృతియొక్క చిత్రముగానే భావించి, పూవులను కాపాడవలెనన్న పశువులను దూరముగా నుంచవలెనని తలంచినవారు కలరు.

సంగతి అట్టిది కాదు. 20వ శతాబ్దపు చివరి భాగమున పొలముపని చేయు చేతులు తగ్గినవి. పులియబెట్టిన పచ్చిమేతను ఒకేచోట పోసి పశువులను మేపుట సులువైనది. కొండకు పోవు మందలు తగ్గినవి. ఫలితము రెండు మూడు దశాబ్దములలో కనబడినది. మేయని గడ్డి ఎండి చాపవలె పఱచుకొని చిన్న మొక్కలకు వెలుతురు తగులకుండ చేసెను. హేజెల్ పొదలు నెఱ్ఱెలలో నుండి లేచి బండలను, పూవులను, పాత రాతికోటలను కప్పసాగెను. శీతకాలమున పశువులు ముదురు గడ్డిని మేసి పోవుటచేతనే వసంతమున చిన్నపూలకు తావు దొరకుచుండెనని అప్పుడు తేటపడినది. మేత నిలుచు వేసవిలో మంద కొండమీద నుండదు గనుక పూవు నిర్భయముగా పూచి విత్తు రాల్చును. ఆవును పూవును ఒకే కొండను వేర్వేఱు ఋతువులలో పంచుకొన్నవి.

2005లో ఐరోపా సమాఖ్య ధనసహాయముతో కొందఱు రైతులును శాస్త్రజ్ఞులును కలసి ఒక ప్రయత్నము మొదలిడిరి. పొదలు కొట్టి పశువుల బాటలు తెఱచిరి, కొండమీద నీటితొట్లు కట్టిరి, పాత రాతిగోడలు నిలిపిరి. తరువాత వచ్చిన పథకమున ఒక్కొక్క పొలపు పచ్చికను ఏటేట పరీక్షించి పదింటికి ఇన్ని మార్కులని వేసి, మార్కుల ననుసరించి రైతునకు సొమ్మిచ్చిరి. ఎట్లు చేయవలెనో రైతునకు ఆజ్ఞాపింపలేదు. ఫలితమునే చూచి వెల కట్టిరి. పరీక్షాధికారులమైన మాకు ఈ పద్ధతి మిక్కిలి నచ్చినది. మార్కులు తక్కువ వచ్చిన రైతులు ప్రక్కపొలమువాని నడిగి, మంద నెప్పుడు తోలవలెనో, ఎప్పుడు దింపవలెనో మఱల నేర్చుకొనసాగిరి. ఆ సంగతి వారి తాతలకు తెలిసినదే. అక్టోబరు చివరను మంద కొండ కెక్కు దినమున ఇప్పుడు ఊరివారును దూరపు యాత్రికులును వెంట నడతురు. గేటు తెఱవగానే ముసలి యావులు త్రోవ చూపనక్కఱలేకయే ముందుగా నెక్కును, దూడలు వాని వెంట పోవును.